‘ఆందోళన వద్దు’ అనే ప్రకటనకు ముందే చేయవలసిన పని: జాయింట్ కలెక్టరు గారికి ఒక కిరాణా వ్యాపారి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా జాయింట్ కలెక్టరు గారికి,

నమస్కారం. నేను నరసన్నపేటలో ముప్పై రెండేళ్లుగా కిరాణా దుకాణం నడుపుకుంటున్నవాణ్ణి. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు తప్ప మరో విషయం మీద ప్రభుత్వానికి ఉత్తరం రాసే అర్హత నాకు లేదు. ఈ ఉత్తరం కూడా వాటి గురించే. జిల్లాలో పౌర సరఫరాలు తమరి పర్యవేక్షణలో ఉన్నాయి కనుక తమరికి రాస్తున్నాను. మహిళా సంఘాల వారు, నా తోటి వర్తకులు కూడా చదివితే బాగుంటుందని బహిరంగంగా రాస్తున్నాను.

పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తున్న 2025 మే 7న విశాఖపట్నంలో పౌర రక్షణ విన్యాసం (మాక్ డ్రిల్) జరిగింది. సైరన్లు అక్కడ మోగాయి, తోపులాట మాత్రం ఇక్కడ నా దుకాణం ముందు జరిగింది. మామూలుగా పది రోజుల్లో అమ్ముడుపోయే నూనె ఆ సాయంత్రం మొదలుకొని మూడు రోజుల్లో అయిపోయింది. 9వ తేదీన, దేశంలో తిండిగింజలకు గానీ ఇంధనానికి గానీ కొరత లేదని, ఎవరూ ఎగబడి కొనవద్దని కేంద్ర మంత్రి, చమురు కంపెనీ ప్రకటించారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అది టీవీలో వచ్చిన గంటకే నా దుకాణం ముందు జనం రెట్టింపయ్యారు. ‘ఏమీ లేదని ఇంత గట్టిగా చెబుతున్నారంటే ఏదో ఉండే ఉంటుంది’ అని మా వీధి పెద్దాయన ఒకరు నాతోనే అని, రెండు పెట్టెల నూనె మోయించుకుని వెళ్లారు. 10వ తేదీన కాల్పులు ఆగాయి. ఆ తరువాత రెండు వారాలు నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. నెల తిరిగేసరికి గోధుమపిండికి పురుగు పట్టిందని, వాపసు తీసుకోమని ముగ్గురు వచ్చారు.

తమరి ముందు ఉంచదలచిన సంగతి ఒక్కటే. యుద్ధం వచ్చిన నాడు సరుకు కోసం పరుగెత్తడం ఊరికి చేటు. యుద్ధం ఊసే లేని రోజుల్లో ప్రతి ఇల్లూ కొద్దికొద్దిగా నెల రోజుల సరుకు చేర్చుకుంటే అది ఊరికి మేలు. ఈ రెండో పనిని జిల్లా యంత్రాంగమే బాహాటంగా చెప్పి చేయించాలి. చేతిలో రేపటి డబ్బు కూడా లేని ఇళ్ల చేత దీన్ని ఎలా చేయించాలన్నదే అసలు చిక్కు కనుక, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

ఊళ్లో ఇన్ని దుకాణాలుండగా సరుకుకేమి లోటు అనుకునేవారు దుకాణం వెనక గది చూసి ఉండరు. మా నాన్నగారి కాలంలో ఆ గదిలో రెండు నెలల సరుకు ఉండేది. బస్తాల మధ్య నుంచి పక్కకు తిరిగి నడవవలసి వచ్చేది. ఇప్పుడు కంపెనీ మనిషి వారానికొకసారి ఫోనులో ఆర్డరు రాసుకుంటాడు, మర్నాటికి ఆటో వస్తుంది. వడ్డీకి తెచ్చిన డబ్బును బస్తాల రూపంలో గదిలో పడుకోబెట్టడం నష్టమని మేమూ నేర్చుకున్నాము. అందుచేత నా దగ్గర నూనె పది రోజులకు, పప్పులు పదిహేను రోజులకు, గోధుమపిండి వారానికి మించి ఉండవు. నాకు సరుకిచ్చే టోకు వర్తకుడి పరిస్థితి కూడా దాదాపు ఇంతే. చిల్లర వర్తకుడు 30 క్వింటాళ్లకు మించి వంటనూనె నిల్వ ఉంచరాదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి పెట్టినప్పుడు నాకు నవ్వు వచ్చింది. నా దగ్గర ఏనాడూ 200 లీటర్లకు మించి ఉండదు, అది ఆ పరిమితిలో పదో వంతు కూడా కాదు.

ఈ 200 లీటర్ల లెక్కనే కాస్త ముందుకు జరిపి చూడండి. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్ల నూనె కావాలి. భయపడి వంద ఇళ్ల వారు ఒకే రోజున నెల సరుకు అదనంగా కొనబోతే 300 లీటర్లు కావాలి కనుక, మధ్యాహ్నానికే నా అర ఖాళీ అవుతుంది. సాయంత్రం వచ్చినవాడు ఖాళీ అరను చూసి వీధంతా చాటుతాడు. అదే వంద ఇళ్ల వారు వారానికి పావు లీటరు చొప్పున పన్నెండు వారాలు ఎక్కువ కొంటే, నా మీద పడే బరువు వారానికి 25 లీటర్లు. అది నేను గమనించను కూడా. నూనె అంతే, ఇళ్లు అవే. రోజుల తేడా మీదే కొరత వస్తుందో రాదో ఆధారపడి ఉంటుంది. టోకు గోదాములు, దుకాణాలు ఇలా పలచబడ్డాక లోతైన గోదాము అంటూ ఒకటి ఉండాలంటే అది ఇల్లే అయి ఉండాలి.

ఒకప్పుడు అలాగే ఉండేది. మా తాతగారు రంగం వెళ్లినవారు. రంగూన్‌ను ఈ ప్రాంతంలో రంగం అనే అనేవారు. కళింగపట్నం నుంచి, బారువ నుంచి పడవెక్కి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్లడం ఇక్కడి ఎన్నో కుటుంబాలకు ఆనవాయితీ. 1942 మార్చిలో జపాన్ సేన రంగూన్‌ను పట్టుకున్నాక, వేలాది మందితో పాటు ఆయన కూడా కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. నాయనమ్మ మాత్రం బాంబుల గురించి ఎప్పుడూ చెప్పేది కాదు, బియ్యం గురించే చెప్పేది. బర్మా బియ్యం ఆగిపోయిందని, బజారులో కుంచం ధర వారం వారం మారిపోయిందని, కూలి డబ్బులు పట్టుకుని వెళ్లినవారు ఉత్త సంచీతో తిరిగి వచ్చారని చెప్పేది. ఆ మరుసటి ఏడాదే బెంగాల్‌లో కరువు వచ్చి లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. బాంబు పడిన చోటు వేరు, అన్నం కరువైన చోటు వేరు. ఆ తరువాత నాయనమ్మ బతికినన్నాళ్లూ మా గాదె అడుగు కనబడనివ్వలేదు. కొత్త పంట గాదెలోకి వెళ్లాకే పాతవి దంపించేది. గాదె పోయి రేకు డబ్బా వచ్చింది, డబ్బా పోయి పాతిక కిలోల సంచి వచ్చింది, ఇప్పుడు ఐదు కిలోల సంచి కొని అది అయిపోయిన రోజున ఫోను చేసేవారే ఎక్కువ.

నేను కళ్లారా చూసిన కొరతల్లో నూనెదే పెద్ద పాఠం. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైంది. మన దేశానికి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం ఆ రెండు దేశాల నుంచే వస్తుందన్న సంగతి ముప్పై ఏళ్లుగా ఆ నూనె అమ్ముతున్న నాకే సరిగా తెలియదు. కొద్ది వారాల్లోనే లీటరు ధర 200 రూపాయల దరిదాపులకు చేరింది. పామాయిలు వైపు మళ్లుదామనుకుంటే, ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపేసి మే 23 దాకా తెరవలేదు. ఒక తప్పు కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. ధర పెరుగుతున్న మొదటి వారంలో, పాత ధర ముద్రించి ఉన్న మూడు పెట్టెలను నేను లోపలి గదిలో పెట్టి ‘స్టాకు లేదు’ అన్నాను. ముద్రించిన ధర కన్నా ఒక్క పైసా ఎక్కువ తీసుకోలేదు గానీ, ఉన్న సరుకును లేదనడం కూడా తప్పే. రెండో రోజు రాత్రి మా ఇంటావిడ చీవాట్లు పెడితే మర్నాడు తీసి అమ్మాను. కొరత నాడు వర్తకుడి బుద్ధి ఎటు పోతుందో లోపలివాడిగా చెబుతున్నాను. అప్పుడు ఎన్ని తనిఖీలు చేసినా కొంతవరకే. ఇంట్లో మూడు లీటర్లు ముందే ఉన్న ఇల్లాలి మీద మాత్రం నా ఆట సాగదు.

నూనె విషయంలో జిల్లా ప్రజలకు చెప్పదగిన మంచి మాట ఇంకొకటి ఉంది. ఒకే నూనెకు అలవాటు పడిన ఇల్లు ఒకే సముద్రం మీద ఆధారపడినట్లు. మన జిల్లాలో బియ్యం మిల్లులకు కొదవ లేదు, ఆ మిల్లుల తవుడు నుంచే తవుడు నూనె వస్తుంది. నువ్వులు, వేరుశనగ ఉత్తరాంధ్ర నేలకు కొత్త కావు. నెలలో ఒక వారమైనా వీటితో వండుకునే ఇంటికి నల్ల సముద్రంలో ఏమి జరిగినా తాలింపు ఆగదు.

బియ్యం గురించి పెద్దగా బెంగ లేదు. వంశధార, నాగావళి ఆయకట్టు ఉన్న జిల్లాలో బియ్యానికి కరువని చెబితే నేనే నమ్మను. కానీ రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, నలుగురికి 20 కిలోలు. రోజుకు కిలోన్నర వండుకునే ఇంటికి నెలకు 45 కిలోలు కావాలి. మిగిలిన పాతిక కిలోలు కొనవలసినవే. పప్పుల సంగతి వేరు. కందిపప్పు మొజాంబిక్, టాంజానియాల నుంచి, మినుములు బర్మా నుంచి వచ్చి మన లోటు పూడుస్తున్నాయి. నాయనమ్మ నాటి బర్మా మళ్లీ మన ఇడ్లీ పిండిలోకి వచ్చి కూర్చుందన్నమాట. ఉలవలు, బొబ్బర్లు, మన మాగాణుల్లో వరి తరువాత పండే పెసలు ఇంట్లో ఉంటే ఆ ఓడల కోసం ఎదురు చూడనక్కరలేదు. చోళ్లయితే, అంటే రాగులైతే, మరీ నయం, బాగా ఎండబెట్టి గాలి చొరకుండా ఉంచితే ఏళ్ల తరబడి పురుగు ముట్టదు. వాటిని పేదవాడి తిండి అని అటక ఎక్కించి, ఇప్పుడు షుగరు వచ్చాక పెద్ద దుకాణాల్లో అట్టపెట్టెలో కొనుక్కుంటున్నాము.

ఉప్పు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 2016 నవంబరులో ఉత్తరాదిన ఉప్పు దొరకదన్న వదంతి పుట్టి జనం కిలోల కొద్దీ కొన్నారు. నౌపడ ఉప్పు మడులు పక్కనే ఉన్న మన జిల్లాలో ఎవరైనా ఉప్పు కోసం పరుగెత్తితే అది నవ్వుకోవలసిన సంగతి.

ఇక గ్యాసు. ఇది ధాన్యం కన్నా, నూనె కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే సరుకు. దేశంలో వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే, అందులో అత్యధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి హోర్ముజ్ జలసంధి గుండా రావాలి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య పన్నెండు రోజుల యుద్ధం జరిగినప్పుడు ఆ జలసంధిని మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించింది. అప్పుడు మూయలేదు కనుక మనం మరిచిపోయాము. విశాఖపట్నంలో కొండరాతిని తొలిచి భూగర్భంలో గ్యాసు నిల్వ చేస్తున్నారు కదా, మనకు దగ్గరే కదా అని కొందరు ధీమాగా అంటారు. ఆ గుహలో పట్టేది 60,000 టన్నులు. దేశం ఏటా వాడే వంటగ్యాసు సుమారు 3 కోట్ల టన్నులు, అంటే రోజుకు 80,000 టన్నుల పైమాటే. గుహ నిండుగా ఉన్నా దేశానికి ఒక్క రోజుకు చాలదు. పక్కనే 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే గుహలున్న మాట నిజమే గానీ, ముడిచమురు తిన్నగా మన పొయ్యిలోకి రాదు.

దీపం పథకం రెండో విడతను 2024 నవంబరు 1న మన జిల్లాలోనే, ఈదుపురంలో ప్రారంభించారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా రావడం వల్ల కట్టెపొయ్యి మానేసిన ఇళ్లు నా ఖాతాదారుల్లోనే ఎన్నో ఉన్నాయి. మంచిదే. కానీ ఆ ఇళ్లలో చాలావాటికి ఒకే సిలిండరు. అది ఖాళీ అయ్యాక బుక్ చేసి ఎదురు చూడాలి. రెండో సిలిండరు డిపాజిట్టు కట్టుకోలేని ఇళ్లకు మహిళా సంఘం ద్వారా వాయిదాల మీద అది ఇప్పిస్తే, ప్రతి ఇంటా నెల రోజుల వంట దానంతటదే నిల్వ ఉంటుంది. దీనితో పాటు పొయ్యి కూడా ఒక్కటే ఉండరాదని చెప్పాలి. పరవాడ సింహాద్రి కేంద్రంలో కరెంటు ఒడిశా తాల్చేరు బొగ్గుతో తయారవుతుంది, అది గల్ఫ్ యుద్ధంతో ఆగేది కాదు. కనుక గ్యాసు రాని రోజున కరెంటు పొయ్యి పనికొస్తుంది. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ లాంటి తుఫానులో కరెంటు పోయిన రోజున గ్యాసు పనికొస్తుంది. రెండూ లేని నాటికి పెరట్లో ఒక మట్టిపొయ్యి, తడవని చోట రెండు మోపుల సరుగుడు పుల్లలు ఉండాలి. చౌకగా దొరుకుతుంది కదా అని పలాస వైపు జీడి తొక్క తెచ్చి వంటకు వాడేవారున్నారు. ఆ పొగ కళ్లకు, ఊపిరితిత్తులకు మంచిది కాదని కూడా అదే నోటితో చెప్పాలి.

ఇల్లు చేసుకోలేని పనులు కూడా కొన్ని ఉన్నాయి. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు నెల రోజులకు అదనంగా కొని, పాతవి ముందు వాడుతూ పోవడం ఇంటి చేతిలో పని. కానీ ఉద్దానంలో డయాలసిస్ మీద బతుకుతున్నవారికి కావలసిన ద్రవాలు, గొట్టాలు, వడపోత పరికరాలు ఎవరి అటక మీదా ఉండవు. పైడిభీమవరంలో ఎన్ని మందుల పరిశ్రమలున్నా ముడి సరుకులో చాలా భాగం చైనా నుంచి రావలసిందేనన్న సంగతి తమరికి నాకన్నా బాగా తెలుసు. డయాలసిస్ సామగ్రి ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉందో చూసి పెంచవలసినది పూర్తిగా ప్రభుత్వమే.

కొరత అంటే ఎప్పుడూ సరుకు లేకపోవడమే కాదు. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి మండలాల నుంచి ఎందరో యువకులు గల్ఫ్‌లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా పనిచేస్తున్నారు. అక్కడ యుద్ధం ముదిరితే ఇక్కడ నా దుకాణంలో నూనె ఉన్నా కొనడానికి వారి ఇళ్లలో డబ్బు ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో మన మత్స్యకారులు వేలమంది గుజరాత్ వేరావల్ రేవులో చిక్కుకుని ఉన్న నెల రోజులూ వారి ఇళ్ల ఖాతాలు నా పద్దు పుస్తకంలో ఎలా పెరిగాయో నాకు గుర్తుంది. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది, రెండు పేజీలు తప్ప అన్నీ కొట్టివేసి ఉన్నాయి. అంటే బాకీలు తీరిపోయాయని అర్థం. సెల్ టవర్లు పడిపోయిన తిత్లీ రోజుల్లో ఫోను చెల్లింపులు లేవు, ఏటీఎంలు లేవు. ఇంట్లో పది, ఇరవై, యాభై నోట్లుగా వెయ్యి, రెండు వేలు ఉన్నవారే మందులు కొన్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. మే నెల తోపులాట అంతా సద్దుమణిగాక ఒక రోజు పొద్దున్నే, నా దగ్గర పాతికేళ్లుగా సరుకు తీసుకునే కూలి ఆవిడ వచ్చింది. ఆమె కొనే తీరు ఎప్పుడూ ఒకటే: ఇరవై రూపాయల నూనె, పావుకిలో పప్పు, ఐదు రూపాయల చింతపండు. కొంగు ముడి విప్పి నాణేలు లెక్కపెట్టి బల్ల మీద పేర్చుతుంది. ఇంట్లో కొంచెం ఎక్కువ సరుకు ఉంచుకోరాదా అమ్మా, మళ్లీ అలాంటి రోజులు వస్తే ఎలాగ అని నేను పెద్దమనిషిలా అడిగాను. ఆమె నా ముఖం కేసి చూసి, ‘రేపటికి కొనుక్కోడానికే డబ్బుల్నేవు బాబూ, ఎల్లుండికి ఏటి దాసుకుంతాం?’ అంది. నాకు జవాబు తోచలేదు. పైగా ఆమె ఇరవై రూపాయలకు కొనే నూనెను లీటరు లెక్క కడితే, లీటరు ప్యాకెట్టు కొనే ఉద్యోగి కన్నా ఎక్కువే ఇస్తోంది. ఆ ఎక్కువ నా పెట్టెలోకే వస్తోంది.

వెళ్తూ వెళ్తూ ఆమే ఒక సంగతి చెప్పింది. వాళ్లమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేదట, సంఘం పెట్టిన కొత్తలో తామూ వేసేవాళ్లమట. ఆమె వెళ్లాక నేను తక్కెడలో తూచి చూశాను. నా పిడికిట్లో సుమారు 50 గ్రాములు పడ్డాయి. రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు, ఆరు నెలలకు 18 కిలోలు. ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండా ఆ ఇంటికి పన్నెండు రోజుల బియ్యం. అయితే పిడికిలితో బియ్యం వస్తుంది గానీ నూనె, పప్పు రావు. వాటికి చేతిలో ఒకసారి పెట్టుబడి ఉండాలి.

ఆ పెట్టుబడికి దారి మన జిల్లాలోనే ఒకప్పుడు ఉండేది. మహిళా సంఘాల ద్వారా పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు పథకం 2000లో మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఆ రోజుల్లో గ్రామ సంఘాలు బియ్యాన్ని టోకున కొని, సభ్యులకు అప్పుగా ఇచ్చి, వాయిదాల్లో వసూలు చేసేవి. మా వంటి దుకాణదారులకు అది నచ్చలేదు, నాకూ నచ్చలేదు. పావుకిలోల బేరం తగ్గిపోయింది కదా. ఇప్పుడు అదే పద్ధతిని బియ్యానికి బదులు నూనె, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలతో కలిపి ‘నెల మూట’గా మళ్లీ మొదలుపెట్టమని ఆ దుకాణదారుణ్ణే అడుగుతున్నాను. మూట ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇల్లాలు అందులోంచి వాడుకుని, వాడిన దానిని వారం వారం కొని నింపుతుంది. అప్పు పది నెలల్లో తీరిపోతుంది. ఆపై ఆమె కూడా లీటరు ధరకే నూనె కొంటుంది.

రేషన్ వైపు నుంచి ఒక మనవి. 2025లో వానలు, వరదలను దృష్టిలో పెట్టుకుని జూన్ నుంచి ఆగస్టు వరకు మూడు నెలల ధాన్యాన్ని ముందుగానే పంచుకోవచ్చని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కనుక ముందస్తు పంపిణీ నిబంధనలకు కొత్తేమీ కాదు. తుఫానులు తిరిగే అక్టోబరుకు ముందు, ప్రతి సెప్టెంబరులోనూ మన జిల్లాలో రెండు నెలల బియ్యం ఒకేసారి ఇప్పించడానికి తమరు ప్రభుత్వానికి ప్రతిపాదన పంపాలని కోరుతున్నాను. తుఫాను కోసం ఉంచుకున్న బియ్యం యుద్ధం వచ్చినా ఉడుకుతుంది. ఇచ్చేటప్పుడు నిల్వ ఉంచే తీరు కూడా చెప్పించాలి. పప్పులను ఎండబెట్టి కాస్త ఆముదం పట్టించడం, బియ్యం డబ్బాలో వేపాకు, ఎండుమిరపకాయలు వేయడం, నేల మీద కాక చెక్క మీద సంచి పెట్టడం పాత ఆడవాళ్లకు తెలుసు, కొత్త కోడళ్లకు తెలియదు. గోదాముల్లో వాడే పురుగు మందు బిళ్లలను మాత్రం ఎవరూ ఇంట్లోని బియ్యంలో వేయరాదని, వాటి నుంచి వచ్చే వాయువుకు పడుకున్న మనుషులు పడుకున్నట్లే పోతారని దండోరా వేసి చెప్పించాలి. ఆ బిళ్లలు ఎరువుల దుకాణాల్లో అడిగినవాడికల్లా ఇస్తున్నారు. అలాగే డబ్బాల్లో పెట్రోలు నిల్వ చేయడం ఇంటిని తగలబెట్టుకోవడమే. కొరత నాడు స్కూటరు ఆగిపోతే నడవవచ్చు.

మరొక మనవి ప్రకటనల గురించి. ఆందోళన వద్దన్న ఒక్క వాక్యం జనానికి చాలదు. మండల స్టాకు పాయింట్లలో ఎన్ని టన్నుల బియ్యం ఉంది, అది జిల్లాకు ఎన్ని రోజులు వస్తుంది, గ్యాసు ఏజెన్సీల్లో ఎన్ని బుకింగులు పెండింగులో ఉన్నాయి అన్న అంకెలను ప్రశాంతమైన రోజుల్లోనే ప్రతి సోమవారం సచివాలయాల గోడల మీద పెట్టించండి. రోజూ చూసే అంకె మీద కష్టం వచ్చిన నాడు నమ్మకం ఉంటుంది. గడ్డు రోజున కొత్తగా పెట్టే అంకెను మా వీధి పెద్దాయన నమ్మడు.

మా వంతు మేమూ చేయాలి. కొరత మాట పుట్టిన రోజున ఒక కార్డుకు లీటరు నూనె, రెండు కిలోల పప్పు మించి అమ్మరాదని, రోజూ వచ్చే కూలివారి కోసం మూడో వంతు సరుకు చిల్లరకే అట్టిపెట్టాలని నరసన్నపేట వర్తకులం కొందరం మాట్లాడుకున్నాము. అందరూ ఒప్పుకోలేదు. తమరి కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు ఉంటే మిగిలినవారు కూడా ఒప్పుకుంటారు, కాదన్న ఖాతాదారుకు చూపించడానికి మాకు ఒక కాగితమైనా ఉంటుంది. 2022లో పాత ధర పెట్టెలు దాచిన నా లోపలి గది ఇప్పుడు చాలావరకు ఖాళీగానే ఉంది. మా వీధిలోని రెండు సంఘాలు ‘నెల మూట’లు కట్టుకోవడానికి, అవి ఇళ్లకు చేరేదాకా భద్రపరచుకోవడానికి ఆ గదిని అద్దె లేకుండా ఇస్తాను. గోడలకు చెమ్మ లేదు. తాళం సంఘం దగ్గరే ఉండవచ్చు.

భవదీయుడు,
ఒక కిరాణా వ్యాపారి,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.